కుక్క తిరిగే పెరడు – 3వ పాఠం: గోడ వెంబడి దారి, మధ్యలో బొక్కెనాకు

పోయిన పాఠంలో పాత గడ్డిని వేళ్లతో సహా తీసేశాం. ఇప్పుడే నర్సరీకి పరుగెత్తకండి. ఓ వారం నేలను ఖాళీగా వదిలి, కుక్కను దాని ఇష్టానికి తిరగనివ్వండి. గేటు నుంచి వెనుక మూల దాకా కాంపౌండు గోడ వెంబడి మట్టి గట్టిపడి ఒక చార పడుతుంది. ఆ దారి మార్పించగలమనుకోవడం భ్రమ. రాజపాళయం, చిప్పిపారై లాంటి పరుగు జాతులైతే చెప్పనే అక్కర్లేదు.

ఆ చారలో ఏ మొక్కా నిలవదు. రెండడుగుల వెడల్పున తవ్వి బరక ఇసుక పరవండి. పదునైన కంకర పాదాలకు గుచ్చుకుంటుంది. కడప నాపరాళ్లు చూడ్డానికి బాగుంటాయి గానీ, చెన్నై మే ఎండకు పెనంలా కాలతాయి.

మిగిలిన చోట గడ్డికి బదులు నేల మీద పాకే బొక్కెనాకు తీగ. ఇక్కడి తమిళులు పొడుదలై అంటారు. చెరువు గట్ల మీద దానంతట అదే పెరిగే మొక్క కాబట్టి వాననూ ఎండనూ ఓర్చుకుంటుంది, కాస్త ఉప్పగా ఉండే బోరు నీళ్లకూ జడవదు. కావలసిందల్లా ఎండ; మామిడి చెట్టు నీడలో మాత్రం ఆశ పెట్టుకోకండి.

జానెడు తీగ ముక్కలు కోసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా అడుగుకొకటి నాటండి. కణుపు కణుపుకూ వేరు దిగుతుంది. సెప్టెంబరు సాయంత్రపు జల్లుల్లో నాటితే అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యేలోపు నేల పట్టుకుంటుంది. తిరువాన్మియూర్ వైపు ఇసుక నేలకు కంపోస్టు ఎక్కువ కలపాలి. పెరంబూరు, పశ్చిమ మాంబళం బంకమన్నులో నీరు నిలవకుండా వాలు చూసుకోవాలి.

ఎరువు దగ్గర మాత్రం మొహమాటం వద్దు. ‘సేంద్రియ ఎరువు’ అని అమ్మే సంచిలో ఆముదపు పిండి, ఎముకల పిండి కలిసి ఉండవచ్చు. ఎముకల వాసనకు కుక్క తవ్వి మరీ తింటుంది. ఆముదపు పిండిలో రైసిన్ అనే విషం మిగిలి ఉంటే వాంతులు, రక్త విరేచనాలతో ప్రాణం మీదికి వస్తుంది. సంచిలో ఏముందో అమ్మేవాళ్లు చెప్పలేకపోతే కొనకండి. బాగా మాగిన కంపోస్టు చాలు. కుక్క ఒకవేళ తింటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆ సంచితో సహా పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి.

నేలంతా అల్లుకునే దాకా, అంటే సుమారు రెండు నెలలు, చుట్టూ వల కట్టి కుక్కను ఇసుక దారికే పరిమితం చేయండి. తర్వాత పని తక్కువే. మూత్రంలోని నత్రజని, లవణాలు ఆకును మాడుస్తాయి కనుక, చూసిన వెంటనే అక్కడ ఓ చెంబెడు నీళ్లు పోయండి. మాడినా పక్క తీగలు వచ్చి పూడుస్తాయి. చిన్న తెల్లని పూలకు తేనెటీగలు చేరతాయి. కుక్క వాటి మీద కాలు వేసి కుట్టించుకోకుండా పూత కనబడగానే కత్తిరించండి.

వచ్చే పాఠంలో గుంతలు తవ్వే కుక్కకు ప్రత్యేకంగా ఒక మూల కేటాయించడం. ఈలోగా మీ పెరట్లో గన్నేరు, సైకస్ (ఈతచెట్టులా కనిపించే అలంకార మొక్క) ఉన్నాయేమో చూడండి. రెండూ కుక్కకు విషమే, ఉంటే ముందు వాటిని తీయించాలి.