బెంగళూరులో ఎమర్జెన్సీ: బిల్లు చేయి దాటకుండా ఏం చేయాలి

దగ్గర్లో ఉందని ఒక ఆస్పత్రిలో చేర్చి, అక్కడ కాదన్నాక ఇంకోచోటికి పరుగెత్తితే అంబులెన్సు, స్కానింగు, రక్తపరీక్షలు, అడ్వాన్సు అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. అందుకే దేనికి ఎక్కడికి వెళ్లాలో ఇవాళే రాసి ఫ్రిజ్ మీద అతికించండి.

గుండెపోటుకు జయదేవ. తలకు దెబ్బ తగిలినా, పక్షవాతం వచ్చినా హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్. ఎముకలు విరిగితే జయనగర్‌లో సంజయ్ గాంధీ ట్రామా ఆస్పత్రి. కాలిన గాయాలకు, ఒళ్లంతా దెబ్బలకు కేఆర్ మార్కెట్ దగ్గరి విక్టోరియా. ఇవి ప్రభుత్వ ఆస్పత్రులు, కార్పొరేట్‌తో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. బయల్దేరుతూనే ఫోన్ చేసి వెంటిలేటర్ బెడ్ ఉందో లేదో కనుక్కోండి. 108 అంబులెన్సు ఉచితం. అయితే వైట్‌ఫీల్డ్ నుంచి ఊపిరాడని మనిషిని ట్రాఫిక్‌లో అంతదూరం తిప్పొద్దు. పక్కనున్న ఆస్పత్రిలో ప్రాణం నిలబెట్టాకే మార్చాలి.

ఎమర్జెన్సీలో ప్రైవేటు ఆస్పత్రి అడ్వాన్సు కోసం పట్టుబట్టకూడదని కర్ణాటక ప్రైవేటు వైద్యసంస్థల చట్టంలో 2017 సవరణ చెబుతోంది. బిల్లు తర్వాత కట్టాల్సిందే, కానీ డబ్బు కోసం చికిత్స ఆగకూడదు. ఈ మాట బిల్లింగ్ కౌంటర్‌లో కాదు, డ్యూటీ డాక్టరుకే చెప్పండి.

ఇన్సూరెన్స్ ఉంటే వెంటనే టీపీఏ (కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) డెస్క్‌లో క్యాష్‌లెస్‌కు, అంటే బిల్లు కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టేందుకు, అప్లై చేయించండి. కంపెనీ గంటలో జవాబివ్వాలి, ఇది ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 నిబంధన.

చాలామంది మునిగిపోయేది గది దగ్గర. పాలసీలో గది అద్దె పరిమితి రోజుకు 5,000 అనుకుందాం. షేరింగ్ ఖాళీ లేదని 10,000 గది తీసుకుంటే అద్దెలో తేడాతో పోదు. డాక్టరు ఫీజు, నర్సింగ్, ఆపరేషన్ థియేటర్ ఛార్జీల్లోనూ కంపెనీ అదే లెక్కన సగమే ఇస్తుంది. అవి లక్షయితే 50 వేలు మీ నెత్తినే. సంతకం పెట్టేముందే పరిమితి చూసుకోండి, చిన్న గది ఖాళీ కాగానే మార్చమని రాసివ్వండి. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలు, ఐసీయూలకు ఈ కోత వర్తించదు. కోసినట్టు కనిపిస్తే గట్టిగా అడగండి.

రోజూ సాయంత్రం వివరమైన బిల్లు తీసుకోండి. వాడని మందులు ఫార్మసీకి తిరిగి వెళ్లాయా, రాని డాక్టరు విజిట్ పడిందా చూడాలి. డిశ్చార్జి రోజు ఇవి వెతికే ఓపిక ఎవరికీ ఉండదు. స్టెంట్ వేస్తే దాని ధర, కంపెనీ, బ్యాచ్ నంబరు బిల్లులో విడిగా ఉండాలి. స్టెంట్ల గరిష్ఠ ధర 2017 నుంచి కేంద్రమే నిర్ణయిస్తోంది.

డిశ్చార్జికి ఇన్సూరెన్స్ అనుమతి 3 గంటల్లో రావాలి. అంతకంటే ఆలస్యమై అదనపు అద్దె పడితే భరించాల్సింది కంపెనీయే, మీరు కట్టకండి.