క్వాంటమ్ గ్రావిటీని డేటాతో పరీక్షించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

గురుత్వాకర్షణను క్వాంటమ్ నియమాలతో కలిపి చెప్పాలనే క్వాంటమ్ గ్రావిటీ మాట వచ్చిందంటే చాలు, "అది పరీక్షకు అందేది కాదులే, ప్లాంక్ శక్తి దాకా వెళ్లే యంత్రం ఎవరు కడతారు" అని ఎవరో ఒకరు చర్చ ముగించేస్తారు. శక్తి లెక్క నిజమే. క్వాంటమ్ గ్రావిటీ ప్రభావాలు బలంగా కనబడాల్సిన ప్లాంక్ శక్తి 1.22×10¹⁹ జీఈవీ, అంటే గిగా ఎలక్ట్రాన్ వోల్టులు. జెనీవా దగ్గర ఎల్‌హెచ్‌సీ అనే కణాల యంత్రంలో ప్రోటాన్లు ఢీకొనే శక్తి 13,600 జీఈవీ మాత్రమే. కానీ యంత్రం కట్టడం ఒక్కటే దారి కాదు. ఎంత చిన్న ప్రభావమైనా వందల కోట్ల ఏళ్లు పేరుకుంటే కొలతకు దొరుకుతుంది. 1998లో భౌతిక శాస్త్రవేత్తలు అమెలీనో-కమేలియా, ఎలిస్, మరికొందరు చూపించింది ఇదే: దూరపు గామా కిరణ విస్ఫోటాల (కొద్దిసేపు మెరిసి ఆరిపోయే గామా కాంతి మెరుపుల) నుంచి ఒకేసారి బయల్దేరిన ఫోటాన్లలో ఎక్కువ శక్తి ఉన్నవి ఆలస్యంగా వస్తున్నాయేమో చూడండి అన్నారు. ఆ డేటా ఇప్పుడు అందరికీ ఉచితం. ఫిజిక్స్ డిగ్రీ, కాస్త పైథాన్, ఒక మామూలు ల్యాప్‌టాప్ ఉంటే మీరూ చేయొచ్చు.

మొదటి పని డేటా దించుకోవడం కాదు. ఒక వాదనను ఎంచుకోవడం. "స్ట్రింగ్ థియరీని పరీక్షిస్తాను", "లూప్ క్వాంటమ్ గ్రావిటీని పరీక్షిస్తాను" అని కూర్చుంటే ఏడాదైనా ఎక్కడికీ పోరు, ఎందుకంటే ఆ సిద్ధాంతాలు చాలావరకు ఫలానా సంఖ్య రావాలి అని ఖచ్చితంగా చెప్పవు. దాని బదులు ఇలా రాసుకోండి: ఫోటాన్ వేగం దాని శక్తిని బట్టి మారుతుంది, ఆ తేడా శక్తికి అనులోమంగా ఉంటుంది, దాని స్థాయి ప్లాంక్ శక్తి (అంటే తేడా సుమారుగా ఫోటాన్ శక్తిని ప్లాంక్ శక్తితో భాగిస్తే వచ్చేంత). ఈ వాక్యాన్ని చంపవచ్చు, అంటే డేటాతో తప్పని తేల్చవచ్చు. చంపగలిగే వాక్యం దొరికేదాకా కంప్యూటర్ ముట్టుకోవద్దని నా గట్టి అభిప్రాయం.

ఇక లెక్క. దీనికి జీఆర్‌బీ (గామా కిరణ విస్ఫోటం) 090510ని మించిన పాఠం లేదు. 2009 మే 10న గామా కిరణాలను చూసే ఫెర్మి ఉపగ్రహం పట్టిన, కొద్దిసేపే సాగిన విస్ఫోటం అది, రెడ్‌షిఫ్ట్ (దారిలో కాంతి తరంగం ఎంత సాగిందో చెప్పే సంఖ్య) 0.903, అంటే ఆ కాంతి మన దగ్గరికి రావడానికి సుమారు 730 కోట్ల ఏళ్లు పట్టింది. అందులో 31 జీఈవీ ఫోటాన్ ఒకటి ట్రిగ్గర్ (పరికరం విస్ఫోటాన్ని గుర్తించిన క్షణం) తర్వాత 0.83 సెకన్లకు వచ్చింది. ఆలస్యం ఎంత ఉండాలి? ఫోటాన్ శక్తిని ప్లాంక్ శక్తితో భాగించి ప్రయాణ కాలంతో గుణిస్తే దాదాపు 0.6 సెకన్లు వస్తుంది. ఇక్కడే ఆగితే "0.83 కంటే తక్కువే కదా, సిద్ధాంతం బతికింది" అనేస్తారు. కానీ దారిలో విశ్వం వ్యాకోచించింది. ఆ ఫోటాన్ బయల్దేరినప్పుడు దాని శక్తి ఇప్పటికంటే 1.9 రెట్లు, కాబట్టి మొదట్లో అది ఇంకా ఎక్కువగా వెనకబడాలి, ఆ వెనకబాటు కూడా వ్యాకోచంతో పాటు సాగుతూ రావాలి. ఇవన్నీ కలిపి రెడ్‌షిఫ్ట్ మీద ఇంటిగ్రల్ చేస్తే 1.1 సెకన్లు తేలుతుంది. విస్ఫోటం మొదటి మెరుపు ట్రిగ్గర్‌కు 0.03 సెకన్ల ముందే మొదలైంది, అంటే ఈ ఫోటాన్‌కు దొరికే గరిష్ఠ ఆలస్యం 0.86 సెకన్లు. 1.1 పట్టదు. వాదన పోయింది. ఒక్క ఇంటిగ్రల్ తీర్పునే మార్చేసింది చూడండి. ఈ భాగం వేరేవాళ్ల కోడ్ కాపీ చేయకుండా కాగితం మీద మీ చేత్తో చేయండి.

డేటా కోసం నాసా నడిపే ఫెర్మి సైన్స్ సపోర్ట్ సెంటర్ సైట్‌కి వెళ్లి ల్యాట్ (ఫెర్మిలోని ప్రధాన టెలిస్కోపు) డేటా సెర్చ్ తెరవండి. ఆకాశంలో విస్ఫోటం ఉన్న చోటుగా రైట్ అసెన్షన్ 333.55 డిగ్రీలు, డిక్లినేషన్ మైనస్ 26.58 డిగ్రీలు, చుట్టూ 10 డిగ్రీల వ్యాసార్థం ఇవ్వండి. ఫెర్మి గడియారం 2001 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతుంది, ఆ ప్రకారం ట్రిగ్గర్ సమయం 263607781.97. దానికి అటూ ఇటూ కొన్ని వందల సెకన్లు తీసుకోండి, వెనకటి సెకన్లు బ్యాక్‌గ్రౌండ్ తెలుసుకోవడానికి పనికొస్తాయి. విస్ఫోటాలకు ట్రాన్సియెంట్ రకం (కొద్దిసేపే ఉండే మూలాల కోసం వడపోత సడలించిన) ఈవెంట్లు కావాలి కాబట్టి ఫోటాన్ ఫైలు కాకుండా ఎక్స్‌టెండెడ్ ఫైలు అడగండి, చాలామంది కొత్తవాళ్లు ఇక్కడే తడబడతారు. ఫైలు ఫిట్స్ రూపంలో వస్తుంది, ఆస్ట్రోపై లైబ్రరీతో తెరుచుకుంటుంది. కాలం అడ్డంగా, శక్తి నిలువుగా పెట్టి చుక్కలు గీయండి. పైన ఒంటరిగా ఒక చుక్క కనబడుతుంది, అదే మన 31 జీఈవీ ఫోటాన్.

ఒక్క ఫోటాన్ మీద ఆధారపడటం ఇష్టం లేకపోతే ఇంకో పద్ధతి ఉంది, నాకు ఇదే నచ్చుతుంది. ప్రతి జీఈవీకి ఇన్ని మిల్లీసెకన్లు ఆలస్యం అని ఒక విలువ అనుకుని, ప్రతి ఫోటాన్‌ను దాని శక్తిని బట్టి అంత వెనక్కి జరపండి. నిజంగా ఆలస్యం ఉండి మీ విలువ సరైనదైతే మెరుపులు బాగా పదునుగా మారతాయి, తప్పైతే అలికినట్టు పరుచుకుంటాయి. ఇలా రకరకాల విలువలు పెట్టి చూడండి. ప్లస్, మైనస్ రెండూ చూడాలి, ఎక్కువ శక్తి ఫోటాన్లు ముందే వస్తాయనే నమూనాలు కూడా ఉన్నాయి. తర్వాత కాలాలను అలాగే ఉంచి శక్తులను మాత్రం కలగాపులగం చేసి అదే లెక్క వేలసార్లు నడపండి. కలిపేసిన డేటాలో కూడా అంతే పదును తరచుగా వస్తుంటే మీకు దొరికింది ఏమీ లేదు.

ఏదైనా ఆలస్యం కనబడితే మాత్రం వెంటనే సంబరపడిపోకండి, ముందు ఆ మూలాన్ని అనుమానించండి. 2005 జులైలో మార్కేరియన్ 501 అనే గెలాక్సీ భగ్గుమన్నప్పుడు గామా కిరణాలను చూసే మ్యాజిక్ టెలిస్కోపుకి అత్యధిక శక్తి ఫోటాన్లు దాదాపు 4 నిమిషాలు ఆలస్యంగా వచ్చినట్టు కనబడింది. దాన్ని క్వాంటమ్ గ్రావిటీ ప్రభావం అనుకుంటే స్థాయి 0.4×10¹⁸ జీఈవీ దగ్గర తేలింది, అంటే ప్లాంక్ శక్తిలో ముప్పయ్యో వంతు. ఆ లెక్కన పైన చెప్పిన 31 జీఈవీ ఫోటాన్ 30 సెకన్లకు పైగా ఆలస్యం కావాలి. కాలేదు. గెలాక్సీ లోపలే కణాలు వేగం పుంజుకోవడానికి టైమ్ పడుతుంది, అలాంటి కారణాలు ఎన్నైనా ఉండొచ్చు. తేల్చుకోవడానికి ఒకటే మార్గం: వేర్వేరు దూరాల్లోని మూలాలను పక్కపక్కన పెట్టడం. దారి వల్ల వచ్చిన ఆలస్యం దూరంతో పాటు పెరగాలి, మూలంలో పుట్టింది అలా పెరగదు.

ఫలితం రాసేటప్పుడు "క్వాంటమ్ గ్రావిటీ తప్పని తేలింది" అని పొరపాటున కూడా రాయొద్దు. మీరు తోసిపుచ్చింది అనులోమంగా పెరిగే తేడాను, ఫలానా స్థాయి వరకు, అంతే. 2022 అక్టోబర్ 9న వచ్చిన మహా విస్ఫోటంలో చైనాలోని లాసో వేధశాల 0.2 టీఈవీకి (ఒక టీఈవీ అంటే వెయ్యి జీఈవీ) పైబడిన ఫోటాన్లు 64,000కు పైగా పట్టింది, దాంతో ఈ హద్దు, అంటే ఆ స్థాయి ఇంతకంటే తక్కువ ఉండదు అని చెప్పగల విలువ, ప్లాంక్ శక్తికి 10 రెట్ల దాకా పోయింది. కానీ తేడా శక్తి వర్గాన్ని బట్టి పెరిగే నమూనాలో హద్దు ఇంకా 10¹² జీఈవీని కూడా చేరలేదు, ప్లాంక్ స్థాయికి కోటి రెట్లకు పైగా కింద ఉంది. పని మిగిలి ఉన్నది అక్కడ.

కాలం కాకుండా పోలరైజేషన్ (ధ్రువణం, అంటే కాంతి తరంగం ఊగే దిశ) పట్టుకునే దారి కూడా ఉంది. ఖాళీ ప్రదేశం కాంతి ధ్రువణ దిశను శక్తిని బట్టి తిప్పుతుంటే, దూరపు మూలం నుంచి వచ్చిన కాంతిలో ధ్రువణం చెరిగిపోవాలి. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన మన ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లోని సీజెడ్‌టీఐ అనే ఎక్స్‌రే పరికరం గామా విస్ఫోటాల పోలరైజేషన్ కొలిచింది. టెలిస్కోపుల వైపు ఆసక్తి ఉంటే లద్దాఖ్‌లోని హాన్లేలో 21 మీటర్ల గామా కిరణ టెలిస్కోపు మేస్ ఉంది, దాని తయారీలో మన హైదరాబాద్ ఈసీఐఎల్ చేయి ఉంది. ముందు 090510తో సాధన చేసి ఆ 1.1 సెకన్లు మీ లెక్కలో కూడా వచ్చాయో లేదో చూసుకోండి, తర్వాత ఫెర్మి పట్టిన ఇతర విస్ఫోటాల్లో రెడ్‌షిఫ్ట్ తెలిసినవి ఏరుకుని అదే కోడ్‌ను వాటి మీద నడపండి.