మృగశిరకు ముందే విత్తనం తేల్చుకోండి

రోహిణి కార్తె ఎండలు కాస్తుండగానే మా పత్తికొండ వైపు ఊళ్లలో విత్తనాల మాటలు మొదలవుతాయి. రచ్చకట్ట మీద, టీ అంగడి దగ్గర, పెళ్లి భోజనాల్లో కూడా అవే. ఏం వేస్తున్నావు, ఏ ప్యాకెట్ తెచ్చావు, అది జీఎం అంట కదా, ఇది నాటుదంట కదా. వాన పడ్డాక ఇవన్నీ ఆలోచించే టైమ్ ఉండదు. పదును ఆరిపోకముందే విత్తాలి, గొర్రు దొరకాలి, కూలీలు రావాలి. ఆ టెన్షన్‌లో అంగట్లో ఏది చేతికిస్తే అది తెచ్చుకుంటాం. కాబట్టి ఈ పని ఇప్పుడే, చేను ఖాళీగా ఉన్నప్పుడే ముగించండి.

ముందు భయాన్ని సరైన చోట పెట్టుకోవాలి. మన దేశంలో రైతులు చట్టప్రకారం సాగు చేస్తున్న జన్యుమార్పిడి (జీఎం) పంట పత్తి ఒక్కటే. పురుగును చంపే బాక్టీరియా జన్యువు పెట్టిన బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. బీటీ వంకాయను 2010లో కేంద్రం ఆపేసింది. జన్యుమార్పిడి ఆవాలకు 2022లో పర్యావరణ అనుమతి ఇచ్చినా, వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. టమాటా, మిరప హైబ్రిడ్లను చూసి చాలామంది జీఎం అనుకుంటారు. హైబ్రిడ్ అంటే రెండు రకాలను సంకరం చేసి తీసిన విత్తనం. దాని కాయ నుంచి మళ్లీ గింజ తీసి వేస్తే మొక్కలు ఒక్కతీరుగా రావు, అందుకే ఏటా కొనాల్సి వస్తుంది. అది వేరే కష్టం. వేరుశనగ అయితే హైబ్రిడ్ కూడా కాదు. కదిరి-6 అయినా, కదిరి లేపాక్షి అయినా మన కదిరి పరిశోధనా స్థానం ఇచ్చిన మామూలు వంగడాలే. మన బుడ్డలు, అంటే వేరుశనగ కాయలు, మనమే విత్తనానికి దాచుకోవచ్చు.

అలాగని జీఎం మన ఇంట్లోకి రాలేదని కాదు. దేశంలో పండే పత్తిలో దాదాపు అంతా బీటీయే. పత్తి గింజల నూనె వంటల్లోకి వస్తోంది, నూనె తీసిన చెక్క బర్రెల తొట్టిలోకి పోతోంది. ఏది తింటున్నామో ప్యాకెట్ మీద రాసి చెప్పమని అడగడం మన హక్కు అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక పత్తి వేసేవాళ్ల సంగతి. బీటీ అంటే అన్ని పురుగులనూ తట్టుకుంటుందని ఇప్పటికీ అనుకునేవాళ్లున్నారు. అది కాయతొలిచే పురుగుల కోసం పెట్టిన గుణం. పచ్చదోమకు, తెల్లదోమకు, తామర పురుగుకు దానితో పనే లేదు. గులాబీ రంగు పురుగు అయితే రెండు జన్యువులున్న రెండో తరం బీటీని కూడా తట్టుకోవడం నేర్చింది. అందులో మన తప్పు కూడా కొంత ఉంది. అప్పట్లో 450 గ్రాముల బీటీ గింజలతో పాటు 120 గ్రాముల నాన్‌బీటీ పొట్లం వేరుగా ఇచ్చేవాళ్లు. చేను చుట్టూ ఆ సాళ్లు వేస్తే, వాటి మీద పెరిగిన మామూలు పురుగులు బీటీని తట్టుకునే పురుగులతో జతకట్టి, ఆ గుణం త్వరగా పాకకుండా ఆపేవి. మనం ఆ పొట్లాలను గట్ల మీద పారేశాం. ఇప్పుడు రెండు రకాల గింజలనూ ఒకే 475 గ్రాముల ప్యాకెట్‌లో కలిపి ఇస్తున్నారు. పైరును డిసెంబరు దాటించకుండా, పత్తి కట్టెను చేలోనే వదలకుండా తీసేస్తే పురుగు తర్వాతి పంటకు పెద్దగా మిగలదు.

అన్నిటికన్నా నాకు భయం లూజు విత్తనం. "గడ్డి మందు కొట్టినా పత్తి చావదు, కలుపు కూలి మిగులుతుందన్నా" అని చెప్పి అమ్ముతారు. కలుపు మందును తట్టుకునే ఆ పత్తికి మన దేశంలో అనుమతి లేదు. మా చిన్నాన్న మూడేళ్ల కింద ఒక ఏజెంటు మాట విని సంచిలో పోసిచ్చిన గింజలు తెచ్చాడు. ప్యాకెట్ లేదు, లాట్ నంబరు లేదు, బిల్లు లేదు. సగం కూడా మొలవలేదు. మొలిచిన దాని మీద మందు కొడితే గాలికి ఆ తుంపర పక్క చేను కంది మీద పడి ఆకులు పచ్చబారి మాడిపోయాయి. పక్క చేను వాళ్లు మాకు బంధువులే. ఆ తగాదా తీరడానికి రెండేళ్లు పట్టింది. నష్టపరిహారం అడుగుదామంటే చేతిలో కాగితం ముక్క లేదు, పైగా వేసిందే అనుమతి లేని విత్తనం. కలుపు కూలి ఎంత పిరమైనా సరే, ఈ గింజ జోలికి పోవద్దు.

పత్తిలో బీటీ వద్దనుకునేవాళ్లకు ఒక మాట. మన పాత నాటు పత్తి వేరే జాతి. దాని క్రోమోజోములు 26, బీటీ హైబ్రిడ్లవి 52. అందుకని పక్క చేలో బీటీ ఉన్నా నాటు పత్తితో అంత సులభంగా కలవదు, విత్తనం దాచుకోవచ్చు. నంద్యాల నుంచి వచ్చిన నరసింహ లాంటి రకాలు మాత్రం 52 క్రోమోజోముల అమెరికన్ పత్తులే, వాటికి బీటీ పుప్పొడి అంటుకుంటుంది. అవి వేస్తే బీటీ చేలకు దూరంగా వేసి, విత్తనానికి నడి చేలోని కాయలే ఏరుకోండి. కందిదీ అంతే, తేనెటీగలు పుప్పొడి మోస్తాయి. వేరుశనగ, కొర్ర చాలావరకు తమలో తామే ఫలిస్తాయి కాబట్టి ఆ బెంగ తక్కువ. నాటు పత్తి కొనేవాళ్లెవరో విత్తకముందే కనుక్కోండి. పొట్టి పింజ అని ధర తగ్గించే అవకాశం ఉంది.

నాటు విత్తనమని చెప్పి అమ్మేవన్నీ నాటువి కావు, ఆర్గానిక్ అన్న మాట ఉన్నంత మాత్రాన మొలక రాదు. ఏ విత్తనమైనా మొలక చూడాల్సిందే. వంద గింజలు లెక్కపెట్టి, తడి గోనెపట్టాలో వరసగా పేర్చి, చుట్టి నీడన పెట్టండి. ఆరకుండా నీళ్లు చిలకరిస్తూ ఉండండి. వేరుశనగకు పది రోజులు ఆగి లెక్కపెట్టాలి. వందకు 70 మొలిస్తే విత్తనంగా పనికొస్తుంది. జొన్న, కొర్ర, కందికి 75 ఉండాలి. ఒకటి రెండు తగ్గితే విత్తనం మోతాదు పెంచుకోవచ్చు, సగానికి పడితే తినడానికి వాడుకోండి.

బుడ్డల్ని రబీలో పండిన కాయలోంచి దాచుకుంటే ముంగారుకు (ఖరీఫ్‌కు) మొలక బాగుంటుంది. కాయగానే ఉంచి, విత్తే ముందే వలవండి. మిషన్‌లో వలిస్తే పప్పు చీలుతుంది, పొర లేస్తుంది. చేత్తో వలిచిన దానికి సాటి రాదు. ఎకరాకు 60 నుంచి 80 కిలోల పప్పు కావాలి కాబట్టి ఇది ఒక్కరి పని కాదు, ఇంటిల్లిపాదీ కూర్చోవాలి. మా అవ్వ కంది విత్తనానికి ఎర్రమట్టి నీళ్లు పట్టించి ఎండబెట్టి కుండలో పోసేది. పురుగు తగలకుండా ఉండేది. నేనూ అదే చేస్తున్నాను.

విత్తనశుద్ధికి బీజామృతం వేసేవాళ్లు 20 లీటర్ల నీళ్లలో 5 కిలోల పేడ, 5 లీటర్ల గోమూత్రం, 50 గ్రాముల సున్నం, గుప్పెడు గట్టు మట్టి కలిపి రాత్రంతా ఉంచుతారు. వేరుశనగ పప్పును అందులో నానబెట్టకండి, పొర ఊడిపోతుంది. పైన చిలకరించి, మెల్లగా కలిపి, నీడలో ఆరబెడితే చాలు.

మొదటి ఏడే ఉన్న భూమి అంతా నాటు విత్తనానికి మార్చకండి. అప్పు ఉన్నవాళ్లు అసలే వద్దు. ఐదెకరాలుంటే అరెకరం కొర్ర, సూర్యనంది రకమో మన ఊరి పాత రకమో, పక్కన రెండు సాళ్లు కంది, అలసంద, అనుములు వేసి చూడండి. ఆ పంట నుంచి వచ్చే ఏటికి విత్తనం మిగుల్చుకోండి. ఎవరైనా ఇది చట్టవిరుద్ధం అని బెదిరిస్తే భయపడొద్దు. సొంత పంట విత్తనాన్ని దాచుకోవడం, మళ్లీ వేసుకోవడం, తోటి రైతుకు ఇవ్వడం, బ్రాండు పేరు పెట్టకుండా అమ్మడం 2001 నాటి మొక్కల రకాల, రైతుల హక్కుల చట్టం రైతుకు ఇచ్చిన హక్కు. సేంద్రియ సర్టిఫికెట్ కావాలనుకునేవాళ్లు మాత్రం బీటీ విత్తనం వాడకూడదు, చేను సేంద్రియానికి మారే కాలం కూడా లెక్కలో పెట్టుకోవాలి.

కొన్న విత్తనమైతే చీటీ మీద రాసిచ్చిన లెక్క ఒప్పుకోవద్దు. లాట్ నంబరు, గడువు తేదీ ఉన్న బిల్లు తీసుకోండి. సర్టిఫైడ్ విత్తనానికి నీలం ట్యాగ్ ఉంటుంది, కంపెనీ తన పూచీ మీద అమ్మేదానికి పచ్చ లేబుల్. సంచిని ట్యాగ్ తెగకుండా అడుగు వైపు కోయండి. విత్తగా మిగిలిన గుప్పెడు గింజలు ఆ సంచిలోనే వేసి, బిల్లుతో కలిపి కట్టి దూలానికి వేలాడదీయండి. పత్తి ఆదోని యార్డుకు చేరి డబ్బులు చేతికొచ్చేదాకా ఆ మూటను కిందికి దించకండి.