వైజాగ్‌లో ఉండి ఆర్కిటెక్చర్ చదవాలంటే ఏం చెయ్యాలి?

బొమ్మలు బాగా వేస్తున్నాడు కదా ఆర్కిటెక్చర్‌లో వేసేద్దాం అనుకునే అమ్మానాన్నలు మన దగ్గర చాలామందే. బొమ్మ వస్తే మంచిదే, కానీ ఐదేళ్లు లాక్కెళ్లేది అది కాదు, బిల్డింగ్ ఎలా నిలబడుతుంది, వాన నీళ్లు ఎటు పోతాయి, ఎండ ఏ గోడ మీద పడుతుంది, ఇలాంటి గోల మీద ఇష్టం ఉండాలి.

ముందు ఇంటర్‌లో ఎంపీసీ. మ్యాథ్స్ లేకుండా బీఆర్క్‌కి, అంటే ఐదేళ్ల ఆర్కిటెక్చర్ డిగ్రీకి, దారి లేదు.

తర్వాత ఎంట్రన్స్. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ పెట్టే నాటా అనే పరీక్ష ఒకటి, జేఈఈ మెయిన్‌లో పేపర్ 2ఏ ఇంకోటి. విజయవాడ ఎస్పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్), ఎన్ఐటీలు కావాలంటే రెండోది తప్పదు, రెండూ రాస్తే పోయేదేం లేదు. ఊళ్లోనే ఉండాలంటే ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, గీతం ఉంది. వేరే ఏ కాలేజీ అయినా చేరేముందు కౌన్సిల్ లిస్టులో పేరుందో లేదో చూసుకోండి, ఎందుకంటే 1972 ఆర్కిటెక్ట్స్ యాక్ట్ ప్రకారం కౌన్సిల్‌లో రిజిస్టర్ కాకుండా పేరు పక్కన ఆర్కిటెక్ట్ అని పెట్టుకోకూడదు, లిస్టులో లేని కాలేజీ డిగ్రీతో రిజిస్ట్రేషన్ దగ్గరే ఇరుక్కుంటారు.

ఇప్పుడు అసలు పని. ఒక స్కెచ్‌బుక్కు, ఒక టేపు కొనుక్కుని ఆదివారం పొద్దున్నే వన్‌టౌన్ వెళ్లండి. కురుపాం మార్కెట్ గేటు ముందు నిలబడి ఆర్చ్ గియ్యండి, పక్క సందుల్లో పాత ఇళ్ల గోడ మందం కొలవండి (ఇంటివాళ్లని అడిగే కొలవండి, లేకపోతే తిడతారు). అట్నుంచి బీచ్ రోడ్డుకొచ్చి అపార్ట్‌మెంట్ల సజ్జాల కింద చూడండి, పెచ్చులూడి లోపల ఊచలు కనిపిస్తుంటాయి. ఉప్పుగాలి కాంక్రీట్‌లోకి దిగి ఇనుము తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన ఊచ ఉబ్బుతుంది, ఉబ్బి పైనున్న కాంక్రీట్‌ని తన్నేస్తుంది. అందుకే మన దేశంలో కాంక్రీట్ పనికి రూల్‌బుక్కు లాంటి ఐఎస్ 456 కోడ్ మామూలు చోట ఊచ మీద 20 మి.మీ. కవర్ (ఊచని కప్పే కాంక్రీట్ మందం) చాలంటుంది, సముద్రపు గాలి నేరుగా తగిలే చోట 45 అడుగుతుంది. క్లాసులో ఈ నంబర్ చెప్తే సాయంత్రానికి మర్చిపోతాం, సజ్జా చూశాక మర్చిపోం.

స్లాబ్ వేసే రోజు ఎక్కడైనా సైట్ కనిపిస్తే మేస్త్రీని పలకరించి కవర్ బ్లాకులు (ఆ మందం దక్కేలా ఊచల కింద పెట్టే చిన్న దిమ్మలు) పెట్టారా అని అడగండి, కొంతమంది నవ్వుతారు, కొంతమంది కూర్చోబెట్టి అంతా చెప్తారు.

లాప్‌టాప్ కోసం మొదటి రోజే లక్ష పెట్టక్కర్లేదు, ఫస్టియర్‌లో ఎక్కువ చేత్తోనే గీయిస్తారు, ఆటోక్యాడ్, స్కెచప్ లాంటి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లు తర్వాత వస్తాయి. నిద్ర మాత్రం మోడల్స్ సబ్మిషన్ల టైమ్‌లో మర్చిపోవడమే.

చివర్లో ఒక ఆఫీసులో ప్రాక్టికల్ ట్రైనింగ్ ఉంటుంది. ఏసీలో కూర్చోబెట్టి త్రీడీ వ్యూలు చేయించే ఆఫీసు కన్నా, స్టైపెండ్ కాస్త తక్కువైనా సైట్‌కి పంపే ఆఫీసు వెతుక్కోండి. పాత బూట్లు వేసుకెళ్లండి, సిమెంట్ పడితే వదలదు.