ప్లేటో సంభాషణలు చదవడం ఎలా? రిపబ్లిక్ పక్కన పెట్టి ‘లాకీస్’ తీయండి

గ్రీకు తత్వవేత్త ప్లేటోను చదవాలనుకున్నవాళ్లు ముందుగా కొనేది రిపబ్లిక్. పేరున్న పుస్తకం కదా. మొత్తం పది భాగాలు. మొదటిది హుషారుగా సాగుతుంది. రెండో భాగంలో ఆదర్శ నగరం కట్టడం మొదలవుతుంది. మూడో భాగం మధ్యలో ఎక్కడో ఒక బస్ టికెట్ గుర్తుగా పెట్టి పుస్తకం షెల్ఫ్ ఎక్కించేస్తాం. నా టికెట్ అక్కడ రెండేళ్లుంది. తప్పు పుస్తకానిది కాదు, నేను ఎంచుకున్న వరసది.

అసలు ఇవి ఎలాంటి రాతలో ముందు చూద్దాం. ప్లేటో గురువు సోక్రటీస్ తన తత్వమంటూ ఏదీ రాసి పెట్టలేదు. క్రీ.పూ. 399లో ఏథెన్స్ న్యాయస్థానం ఆయనకు మరణశిక్ష వేసింది. అప్పటికి ఆయనకు 70 ఏళ్లు, ప్లేటోకు ఇంకా ముప్పై నిండలేదు. ఆ తర్వాత ప్లేటో రాసినవి దాదాపు అన్నీ సంభాషణలే, చాలావాటిలో సోక్రటీసే ప్రధాన పాత్ర. పాతకాలం నుంచి వస్తున్న లెక్క ప్రకారం సంభాషణలు 35, ఉత్తరాలు 13. వాటిలో కొన్ని ప్లేటోవి కావని పండితుల మాట.

సంభాషణల్లో ప్లేటో తన గొంతుతో ఒక్కసారి కూడా మాట్లాడడు. సోక్రటీస్ చివరి రోజును చెప్పే ‘ఫీడో’లో, జైల్లో ఎవరెవరు ఉన్నారో లెక్క చెబుతూ ఒక పాత్ర ‘ప్లేటోకు ఒంట్లో బాగాలేదనుకుంటా’ అని ఊరుకుంటుంది. రాసినవాడు తన గైర్హాజరీని తనే నమోదు చేసుకున్నాడన్నమాట. కాబట్టి ‘ప్లేటో ఇలా అన్నాడు’ అని వాట్సాప్‌లో వచ్చే కొటేషన్లు చూసినప్పుడు, ఆ మాట ఏ పాత్ర ఎవరితో అందో ముందు అడగండి.

1. చిన్నది పట్టుకోండి

‘యూథిఫ్రో’, ‘క్రీటో’, ‘లాకీస్’ మూడూ చిన్నవే. మామూలుగా అందరూ చెప్పేది యూథిఫ్రోతో మొదలుపెట్టమని. నేను మాత్రం లాకీస్ అంటాను. దాని గొడవ మనకు బాగా తెలిసిందే: పిల్లల్ని ఏ కోచింగ్‌లో చేర్చాలి?

లైసిమాకస్, మెలీసియాస్ అని ఇద్దరు తండ్రులు. వాళ్ల తండ్రులు ఏథెన్స్‌లో పేరు మోసిన నాయకులు, వీళ్లు మాత్రం చెప్పుకోదగ్గది ఏమీ చేయలేదు. మా నాన్నలు ఊరి పనుల్లో పడి మమ్మల్ని పట్టించుకోలేదు, మా పిల్లలకైనా అలా కాకూడదని వాళ్ల తాపత్రయం. కవచం తొడుక్కుని కత్తి తిప్పడం నేర్పే ఒక మాస్టారి ప్రదర్శన చూసి, పిల్లల్ని ఇందులో చేర్చమంటారా అని ఇద్దరు సేనాపతుల్ని అడుగుతారు. నిసియాస్ చేర్చమంటాడు. లాకీస్ వద్దంటాడు. ఆ మాస్టారు ఓడ మీద పోరాడుతుంటే ఆయన సొంతంగా తయారు చేసుకున్న కొడవలి ఈటె ఎదుటి ఓడ తాళ్లలో ఇరుక్కుపోయిందట. దాన్ని వదల్లేక ఓడ పొడుగునా పరిగెత్తాడట. రెండు ఓడల్లోనూ ఒకటే నవ్వులు. తత్వశాస్త్రం పుస్తకంలో ఇలాంటివి ఉంటాయని నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ బస్ టికెట్ గొడవ ఉండేది కాదు.

2. అంచున ఉన్న నంబర్లు చూసి కొనండి

మంచి ప్రతుల్లో పేజీ అంచున 190e, 199a లాంటి గుర్తులు ఉంటాయి. 1578లో జెనీవాలో ఆన్రీ ఎతియెన్ (లాటిన్‌లో స్టెఫానస్) అచ్చు వేసిన ప్లేటో సంపుటాల పేజీ నంబర్లు అవి. ఒక్కో పేజీని a నుంచి e దాకా ముక్కలు చేశారు. ఏ భాషలో, ఏ అనువాదంలో చదివినా ఈ నంబరు మారదు. గీతలో అధ్యాయం, శ్లోకం సంఖ్య చెబితే ఎవరి పుస్తకంలోనైనా దొరికినట్టే ఇదీ. లాకీస్ 178a నుంచి 201d దాకా, అంటే 24 పాత పేజీలు. నింపాదిగా చదివినా ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోతుంది.

ఇంగ్లిష్‌లో బెంజమిన్ జోవెట్ 19వ శతాబ్దంలో చేసిన అనువాదం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. భాష కాస్త పాతది, కొన్ని ఉచిత ప్రతుల్లో ఈ నంబర్లు ఉండవు. రెండు అనువాదాలు పక్కపక్కన పెట్టుకుంటే ఇంకా మేలు. లాకీస్‌లో వాళ్లు వెతికే మాట గ్రీకులో ‘ఆండ్రియా’. ధైర్యం అంటాం గానీ, అది మగవాడు అనే మాట నుంచి పుట్టింది. మనం ‘మగతనం’ అన్నప్పుడు వచ్చే వాసన అందులో ఉంది. ఇద్దరు సేనాపతులు ఆ మాట మీద అంత పట్టుదలగా ఎందుకు వాదిస్తారో అది తెలిస్తే అర్థమవుతుంది.

3. గురువు దగ్గర కూర్చున్నట్టు కూర్చోకండి

మనకు అలవాటైన సంవాదంలో తెలియనివాడు అడుగుతాడు, తెలిసినవాడు చెబుతాడు. నచికేతుడు అడుగుతాడు, యముడు చెబుతాడు. పార్వతి అడుగుతుంది, శివుడు చెబుతాడు. ప్లేటో చిన్న సంభాషణల్లో ఇది తిరగబడుతుంది. అడిగేవాడు సోక్రటీస్, నాకు తెలియదు అనేవాడూ ఆయనే. జవాబు చెప్పాల్సింది తనకు తెలుసనుకునే పెద్దమనిషి. అందుకని సోక్రటీస్ నోటి నుంచి ఉపదేశం రాలుతుందని అండర్‌లైన్ చేసుకోవడానికి పెన్సిల్ పట్టుకుని కూర్చుంటే నిరాశే. పెన్సిల్‌తో వేరే పని ఉంది.

4. నోట్‌బుక్‌లో రెండు గళ్లు గీయండి

ఎడమ గడిలో ఎవరు ఏ నిర్వచనం ఇచ్చారో రాయండి, కుడి గడిలో అది ఎక్కడ విరిగిందో రాయండి. చదివేటప్పుడు చేయాల్సిన పనుల్లో నా లెక్కలో ఇదే ముఖ్యం. మిగతావి మానేసినా ఇది మానకండి.

లాకీస్‌లో ఎడమ గడిలో పడే మొదటి మాట 190e దగ్గర వస్తుంది. వరసలో తన చోటు వదలకుండా, పారిపోకుండా శత్రువుతో పోరాడేవాడే ధైర్యవంతుడు అంటాడు లాకీస్. సైనికుడి జవాబు. సోక్రటీస్ వెంటనే గుర్తు చేస్తాడు: గ్రీసుకు ఉత్తరాన ఉండే సిథియన్ రౌతులు వెనక్కి పరిగెడుతూనే పోరాడతారు కదా? పర్షియావాళ్లతో ప్లటియా దగ్గర జరిగిన యుద్ధంలో స్పార్టావాళ్లు ముందు వెనక్కి తగ్గి, తర్వాత తిరగబడే కదా గెలిచారు? కుడి గడి నిండింది.

ఇక్కడ ఆగి తొమ్మిది పేజీలు వెనక్కి తిప్పండి. 181b దగ్గర ఇదే లాకీస్ సోక్రటీస్‌ను మెచ్చుకుంటాడు. క్రీ.పూ. 424లో డీలియం దగ్గర ఏథెన్స్ సైన్యం ఓడి పరిగెడుతుంటే సోక్రటీస్ తనతో కలిసి వెనక్కి వచ్చిన తీరు చూశానని, అందరూ అలాగే ఉంటే అసలు ఓడేవాళ్లం కాదని అంటాడు. వెనక్కి వస్తూ ధైర్యం చూపినవాడు ఎదురుగానే కూర్చుని ఉన్నాడు, అయినా నిర్వచనం అడిగేసరికి వెనకడుగు వేయకపోవడమే ధైర్యం అనేశాడు. ప్లేటో దీన్ని ఎత్తి చూపడు. మనం పట్టుకోవాలి.

రెండో మాట 192b దగ్గర: ధైర్యం అంటే మనసుకు ఉండే ఓర్పు. మొండి ఓర్పు మంచిది కాదు కదా అంటే, సరే, తెలివితో కూడిన ఓర్పు అని సర్దుతాడు లాకీస్. అప్పుడు సోక్రటీస్ ఇద్దరు సైనికుల్ని నిలబెడతాడు. సాయం వస్తుందని, తన వైపు బలం ఎక్కువని, చోటు కూడా అనువైనదని లెక్క వేసుకుని నిలబడ్డవాడు ఒకడు. అవతలి పక్షంలో అవేవీ లేకుండా నిలబడ్డవాడు ఇంకొకడు. ఎవరికి ధైర్యం ఎక్కువ? రెండోవాడికే అంటాడు లాకీస్. మరి తెలివితో లెక్క వేసుకున్నది మొదటివాడు కదా!

5. ‘అవును’ దగ్గర బ్రేక్ వేయండి

ఈ సంభాషణల్లో సగం జవాబులు ‘అవును’, ‘అంతే కదా’, ‘మరి’ లాంటివే. కళ్లు వాటి మీద నుంచి జారిపోతాయి. మోసం జరిగితే అక్కడే జరుగుతుంది. ప్రతి అవును దగ్గరా ఆగి, నేనైతే అవును అనేవాణ్నా అని అడగండి. అననప్పుడు అంచున ఒక గుర్తు పెట్టండి.

పైన చెప్పిన ఇద్దరు సైనికుల దగ్గర నా పుస్తకంలో పెద్ద ఇంటూ మార్కు ఉంది. గెలిచే లెక్క వేసుకోవడం ఒక నేర్పు. దేనికోసం ప్రాణం మీదకు తెచ్చుకోవచ్చో తెలియడం వేరే తెలివి. రెండోవాడికి లెక్కలో బలం లేకపోవచ్చు, కానీ తన ఊరు కాపాడుకోవాలన్న ఎరుక ఉండొచ్చు. సోక్రటీస్ ఈ రెండింటినీ ఒకే మాట కింద కలిపేశాడు, లాకీస్ తల ఊపాడు. సోక్రటీస్ తెలియక చేశాడా, లాకీస్ పట్టుకుంటాడో లేదో చూద్దామని చేశాడా? నాకైతే రెండోదే అనిపిస్తుంది. మీకు అలా అనిపించకపోతే ఇంకా మంచిది, కుడి గడిలో రాయండి. సోక్రటీస్ మీద అభ్యంతరం రాసుకోకుండా ఒక సంభాషణ పూర్తి చేశామంటే మనమూ లాకీస్‌లాగే తల ఊపుతూ వచ్చినట్టే.

6. ఆ మనుషులకు తర్వాత ఏమైందో వెతకండి

వీళ్లు కల్పించిన పాత్రలు కారు. ప్లేటో రాసేనాటికి వీళ్ల కథ ఎలా ముగిసిందో పాఠకులకు తెలుసు. మనకు తెలియదు కాబట్టి పేరు పేరునా ఐదు నిమిషాలు వెతకాలి.

నిసియాస్ సంగతి చూడండి. ఏది భయపడాల్సిందో, ఏది కాదో తెలిసి ఉండటమే ధైర్యం అని ఆయన నిర్వచనం. జరగబోయేది తెలిసేది జోస్యులకు కదా, అయితే ధైర్యవంతులు వాళ్లేనా అని లాకీస్ వెక్కిరిస్తాడు. కాదు, జోస్యుడికి శకునాలే తెలుసు, ఏది మేలో తెలియదు అని నిసియాస్ బాగానే బదులు చెబుతాడు. 199a దగ్గర సోక్రటీస్ ఒక మాట అంటాడు: సేనాపతి జోస్యుడి మీద అధికారి అని చట్టం చెబుతుంది గానీ, జోస్యుడు సేనాపతి మీద అధికారి అని కాదు.

క్రీ.పూ. 413 ఆగస్టులో, సిసిలీలోని సిరక్యూస్ నగరం మీదకు వెళ్లి గెలవలేకపోయిన ఈ నిసియాస్ సైన్యం వెనక్కి బయల్దేరడానికి సిద్ధంగా ఉన్న రాత్రి చంద్రగ్రహణం పట్టింది. మూడు తొమ్మిదులు ఇరవై ఏడు రోజులు ఆగాలన్నారు జోస్యులు. నిసియాస్ ఆగాడు. ఆ ఆలస్యంతో తప్పించుకునే దారి మూసుకుపోయింది. సైన్యం నాశనమైంది, పట్టుబడ్డవాళ్లను సిరక్యూస్ రాతి గనుల్లో పడేశారు, నిసియాస్‌ను చంపేశారు. లాకీస్ అంతకు ముందే, క్రీ.పూ. 418లో స్పార్టాతో జరిగిన మాంటినియా యుద్ధంలో చనిపోయాడు.

ఇది తెలిశాక 199a మళ్లీ చదవండి. నోటితో సరైన జవాబు చెప్పగలిగిన మనిషి, సమయం వచ్చినప్పుడు సరిగ్గా ఆ జవాబుకు ఎదురు నడిచాడు. అంతకుముందు 188 పేజీలో లాకీస్, మాటకూ చేతకూ శ్రుతి కలిసిన మనిషి మాట్లాడితేనే నాకు వినబుద్ధేస్తుంది అని ఎందుకన్నాడో అప్పుడు గట్టిగా తగులుతుంది.

7. జవాబు రాలేదని టెన్షన్ పడకండి

నిసియాస్ నిర్వచనం కూడా నిలబడదు. మంచిచెడులన్నీ తెలిసి ఉండటం అంటే అది మొత్తం సద్గుణమే అవుతుంది, మనం వెతికింది అందులో ఒక భాగమైన ధైర్యాన్ని కదా అని తేలుతుంది. అంతే, ఆట ముగిసింది. ఈ స్థితికి గ్రీకులో ‘అపోరియా’ అని పేరు, దారి లేకపోవడం అని అర్థం. దారీ తెన్నూ తోచకపోవడం అని మనం అనేది సరిగ్గా అదే. పుస్తకం మూసే ముందు మీ నోట్‌బుక్‌లో మూడు నిర్వచనాల కింద మీది ఒకటి రాసి, దాన్ని మీరే విరగ్గొట్టడానికి ప్రయత్నించండి. ఇరవై నిమిషాలు చాలు.

తోడుగా ఎవరైనా దొరికితే పాత్రలు పంచుకుని పైకి చదవండి. సోక్రటీస్ పాత్రకు మీ ఇంట్లో అందరికంటే ఎక్కువ ప్రశ్నలు అడిగేవాళ్లను పెట్టండి. మౌనంగా చదివితే గంభీరంగా ఉన్న వాక్యం పైకి చదివితే వెటకారమని తెలిసిపోతుంది.

8. తర్వాత ఏది?

యూథిఫ్రో, అపాలజీ, క్రీటో, ఫీడో వరసగా చదవండి. సోక్రటీస్ మీద కేసు దాఖలు దగ్గర నుంచి ఆయన విషం తాగేదాకా ఒకే కథ. కోర్టులో సోక్రటీస్ వాదనే అపాలజీ; అందులో 36a దగ్గర ఆగండి: ముప్పై ఓట్లు అటు నుంచి ఇటు పడి ఉంటే విడుదలయ్యేవాణ్నని సోక్రటీసే లెక్క చెబుతాడు. ఆ తర్వాత ‘మీనో’, ‘సింపోజియం’. రిపబ్లిక్ అప్పుడు తీయండి. ‘పార్మెనిడీస్’, ‘టిమేయస్’ జోలికి మొదటి ఏడాది వెళ్లకపోవడమే మంచిది.

మీనోకు వచ్చినప్పుడు మాత్రం 82b దగ్గర పుస్తకం బోర్లించి ఒక కాగితం తీసుకోండి. రెండు అడుగుల భుజం ఉన్న చతురస్రం గీయండి, వైశాల్యం నాలుగు. దానికి సరిగ్గా రెట్టింపు వైశాల్యం ఉన్న చతురస్రం గీయాలి. లెక్కలు చదువుకోని ఒక బానిస కుర్రాడిని సోక్రటీస్ అడిగే ప్రశ్న ఇది. వాడు ముందు భుజం నాలుగు అంటాడు, తర్వాత మూడు అంటాడు, రెండూ తప్పే. మీరు గీసిన తర్వాతే పుస్తకం తిప్పండి.