నీటితో నడిచే ఊరిని ఊహిస్తున్నారా? ముందు వాలు చూడండి

ఆవిరి యంత్రాలు లేని కాలంలో, నీటి బలంతోనే అన్నీ నడిచే ఊరి కథ రాస్తుంటే చక్రాల కంటే ముందు నీళ్లు ఎంత ఎత్తు నుంచి పడతాయో తేల్చుకోండి. సెకనుకు 100 లీటర్లు 3 మీటర్లు పడితే దాదాపు 4 హార్స్ పవర్. చక్రం దగ్గర కొంత పోతుంది. అయినా తిరగలి ఆడుతుంది, వడ్లు దంచే రోకళ్లు లేస్తాయి, కొలిమి తిత్తులు ఊదుతాయి.

ఒకసారి గోల్కొండ ఎక్కి చూడండి. పైదాకా నీళ్లు ఎక్కించడానికి వాడిన మట్టి గొట్టాలు గోడల్లో ఇంకా కనిపిస్తాయి. అక్కడ నీళ్లు పని చేయలేదు, నీళ్ల కోసమే పని చేయాల్సి వచ్చింది. గుట్ట మీద ఊరు పెడితే మీకూ అదే చిక్కు. నాకైతే కథ అక్కడే దొరుకుతుంది.

ఇంకొకటి, ఎండాకాలం. మన మూసీ లాంటి నది వానల్లో పొంగుతుంది, వేసవిలో సన్నబడుతుంది. అందుకే 1560ల్లో కట్టిన హుస్సేన్ సాగర్ లాంటి చెరువు మీ ఊరికీ ఇవ్వండి. ఏప్రిల్‌లో తూము ఎవరి చేతిలో ఉంటుందో కూడా రాసి పెట్టుకోండి: మిల్లుకా, పొలానికా?