హేలో ఇన్ఫినిట్: కొత్తగా ఆడేవారికి

ఎక్స్‌బాక్స్‌లో తుపాకీ ఆట మొదలుపెట్టాలనుకునేవారికి నేను ముందుగా సూచించేది హేలో ఇన్ఫినిట్‌నే. తొలి హేలో 2001 నవంబరు 15న వెలువడగా, సరిగ్గా ఇరవై ఏళ్లకు, 2021లో అదే తేదీన, దీని మల్టీప్లేయర్ భాగం (ఆన్‌లైన్‌లో ఇతరులతో ఆడేది) ఉచితంగా విడుదలైంది. దానిని ఆడటానికి నెలవారీ సభ్యత్వం కూడా అక్కరలేదు. కనీస వయసును అమెరికా రేటింగ్ సంస్థ 13 ఏళ్లుగా, ఐరోపా సంస్థ 16 ఏళ్లుగా పేర్కొన్నాయి కనుక, ఆ మధ్య వయసు పిల్లలున్నవారు ఒక మ్యాచ్‌ను పక్కన కూర్చుని చూశాకే అనుమతించడం మంచిది.

పిల్లలు ఆడేటట్లయితే వారికి విడిగా పిల్లల ఖాతా తెరవాలి. నేను ఆ పని వాయిదా వేస్తూ వచ్చాను. సెలవులకు వచ్చిన మా మేనల్లుడు నా ఖాతాతోనే ఆడి, కవచానికి కొత్త రంగు కొనేదాకా, నా కార్డు వివరాలు కన్సోల్‌లో ఉన్నాయన్న సంగతే నాకు గుర్తులేదు. కొనుగోళ్లకు ఆరంకెల పాస్‌కీ పెట్టుకుంటే ఈ తలనొప్పి ఉండదు. ఎక్స్‌బాక్స్ ఫ్యామిలీ సెట్టింగ్స్ యాప్ ద్వారా రోజుకు ఎంతసేపు ఆడవచ్చో, ఎవరితో మాట్లాడవచ్చో ఫోన్ నుంచే నిర్ణయించవచ్చు. వాయిస్ చాట్‌ను మొదట్లో స్నేహితులకే పరిమితం చేయండి. నోరు పారేసుకునేవారితో వాదించకుండా మ్యూట్ చేసి, ఫిర్యాదు పంపి, ఆట కొనసాగించండి. ఉచితంగా క్రెడిట్లు (ఆటలో కొనుగోళ్లకు వాడే నాణేలు) ఇస్తామంటూ పాస్‌వర్డ్ అడిగేవారు పెద్దలకూ తారసపడతారు. వారికి జవాబే ఇవ్వకూడదు.

మెరిసే వెలుగుల వల్ల మూర్ఛ వచ్చిన చరిత్ర ఉన్నవారు వైద్యుని అడగకుండా ఇటువంటి ఆటలు ఆడరాదు. మిగిలినవారు గదిలో దీపం వెలిగించుకుని, టీవీకి తగినంత దూరంలో కూర్చుని, మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య లేచి నాలుగడుగులు వేస్తే చాలు.

ఇక కంట్రోలర్ విషయం. ఎడమ స్టిక్‌తో నడుస్తాము, కుడి స్టిక్‌తో చూస్తాము, కుడి ట్రిగ్గర్‌తో కాలుస్తాము. కొత్తవారికి చేయి తిరగనిది కుడి స్టిక్ దగ్గరే: గురి శత్రువును దాటిపోతుంది, వెనక్కి లాగితే ఇటు దాటిపోతుంది. అలా జరుగుతుంటే సెట్టింగ్స్‌లో లుక్ సెన్సిటివిటీని, అంటే స్టిక్ కదిపితే చూపు తిరిగే వేగాన్ని, ఒకటి రెండు మెట్లు తగ్గించి, ఆటలోని శిక్షణ విభాగమైన అకాడమీలో ఆయుధాల సాధన చేయండి. పరిగెత్తేటప్పుడు గురి నేలమీద కాక, ఎదుటివాని తల ఉండబోయే ఎత్తులో నిలవడం అలవాటు కావాలి. తరువాత గురిని పక్కకు జరపడమే తప్ప, పైకెత్తే పని ఉండదు.

అయితే ఈ ఆటలో గెలుపోటములను గురికన్నా ఎక్కువగా తేల్చేది షీల్డ్, అంటే ప్రతి ఆటగాడి ఒంటి చుట్టూ ఉండి ముందుగా దెబ్బలు కాచే శక్తి పొర. సాధారణ మ్యాచ్‌లో మీ చేతికి 36 తూటాల ఎంఏ40 రైఫిల్, 12 తూటాల సైడ్‌కిక్ పిస్తోలు వస్తాయి. రైఫిల్‌తో ఎదుటివాని షీల్డ్‌ను పగలగొట్టి, అది పగిలిన మరుక్షణం వై బటన్‌తో పిస్తోలుకు మారి తలపై ఒక్క తూటా పేల్చడమే ఇక్కడి మూలసూత్రం. రైఫిల్ ఖాళీ అయిందని శత్రువు ఎదుటే రీలోడ్ చేయబోయి చచ్చినవారిలో నేనూ ఉన్నాను. మీ షీల్డ్ పోయి హెచ్చరిక మోత వినిపించిందంటే, ఎంత బాగా కాలుస్తున్నా సరే, దగ్గరలోని గోడ చాటుకు తప్పుకోవాలి. కొన్ని క్షణాలపాటు దెబ్బ తగలకపోతే అది తనంతట తానే నిండుతుంది. మొదటి వారంలో చావుల్లో సగానికి కారణం, ఇంకొక్క తూటాతో వాడు పడిపోతాడన్న ఆశతో అక్కడే నిలబడటం.

ఈ రెండూ వేళ్లకు పట్టేదాకా కంప్యూటర్ నడిపే బాట్లతోనే ఆడండి. ఆ తరువాత నలుగురికి నలుగురు తలపడే క్విక్ ప్లేలో అడుగుపెట్టవచ్చు. జట్టుకు 12 మంది, మధ్యలో వాహనాలు ఉండే బిగ్ టీమ్ బ్యాటిల్ చూడటానికి ఊరించినా, మిమ్మల్ని ఎవరు ఎక్కడినుంచి కాల్చారో తెలియనంత గందరగోళంగా ఉంటుంది కనుక దానిని ఆఖరికి ఉంచుకోండి. ఆడేకొద్దీ అలంకరణ బహుమతులు ఇచ్చే బ్యాటిల్ పాస్ కొన్నా సరే తొందర అక్కరలేదు. ఇందులో వాటికి గడువు తీరిపోదు.